చాయ ఆకు: ఉడికితే కూర, పచ్చిదైతే నాము

(ముద్దనూరులో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మన ఎజెండాలో శనగ ధర ఉంది, పంటల బీమా ఉంది, గండికోట నీళ్ల సంగతి ఉంది. వీటి నడుమ ఒక ఆకుకూర గురించి మాట్లాడటమేందని మీలో కొందరికి అనిపించొచ్చు. కారణం ఉంది. రెండేళ్ల కింద ఇలాంటి సమావేశం అయిపోయాక మన సంఘం కార్యకర్తలమే ఒక మొక్క కొమ్మలు కట్టలు కట్టి మీకు పంచాం. నీళ్లు అడగదు, పురుగు పట్టదు, ఏడాదంతా ఆకు ఇస్తుందని చెప్పాం. అదే చాయ. కొందరు చాయ మాన్సా అంటారు, కొందరు చెట్టు పాలకూర అంటారు. పట్నాల్లో మిద్దె తోటలు పెంచేవాళ్ల దగ్గర నుంచి కొమ్మ కొమ్మగా మన ఊళ్లకు చేరింది. మేం చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. కానీ చెప్పాల్సిన మాట ఒకటి చెప్పలేదు. ఆ ఆకును పచ్చిగా తినకూడదని, జీవాల ముందు వేయకూడదని గట్టిగా చెప్పలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. మన సభ్యుడి ఇంట్లోనే చాయ గుబురుగా పెరిగితే కొమ్మలు నరికి మేకల దొడ్లో వేశారు. రెండు మేకలు కడుపునిండా మేశాయి. కాసేపటికే రొప్పుతూ, నురగ కక్కుకుంటూ పడిపోయాయి. ఒకటి బతికింది, ఒకటి పోయింది. ఇంకో ఇంట్లో షుగరు తగ్గుతుందని ఎవరో చెబితే పచ్చి ఆకు మిక్సీలో వేసుకొని పరగడుపున తాగారు. వాంతులు, కళ్లు తిరగడం. ఆసుపత్రికి పోయి కోలుకున్నారు. ఆ ఇద్దరి తప్పు కాదది. కొమ్మ ఇచ్చి, కొమ్మతో పాటు తెలివి ఇవ్వని మాది ఆ తప్పు. అందుకే ఈరోజు ఈ మాటలు మేమే చెప్పాలి.

నాము మనకు కొత్త కాదు

మన సీమలో పశువులు కాసిన ప్రతివాడికీ నాము అంటే ఏందో తెలుసు. వాన ముఖం చాటేసి గిడసబారిన జొన్న, కోసిన తర్వాత మోడు నుంచి లేచిన పిలక జొన్న, చూడటానికి పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. ఆకలిమీదున్న ఎద్దు నాలుగు గుక్కలు మేసిందంటే నిలబడిన చోటే కూలుతుంది. "నాము కొట్టింది" అంటాం. ఈ సంగతి మనకు ఏ కాలేజీ చెప్పలేదు. మన జేజినాయనలు పశువులను పోగొట్టుకొని నేర్చుకున్న పాఠం అది.

జొన్న నాములో ఉండే విషం, చాయ ఆకులో ఉండే విషం ఒకటే. సైనైడ్. అది ఆకులో తయారుగా కూర్చొని ఉండదు. చక్కెరతో ముడిపడిన ఒక పదార్థం ఆకు కణంలో ఒకచోట ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకోచోట ఉంటుంది. ఆకును నమిలినా, నలిపినా, కోసినా ఆ రెండూ కలుస్తాయి. అప్పుడు విషవాయువు పుడుతుంది. పురుగు, పశువు తన జోలికి రాకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. ఆ వాయువు రక్తంలోకి పోతే ఒంట్లో ప్రతి కణం ఊపిరి ఆగిపోతుంది. గాలి లోపలికి పోతూనే ఉంటుంది, రక్తంలో ప్రాణవాయువు ఉంటూనే ఉంటుంది, కానీ కణం దాన్ని వాడుకోలేదు. నాము కొట్టిన పశువు రక్తం మామూలుకన్నా ఎర్రగా కనిపించేది అందుకే.

ఇదే గుణంలో మనకు అనుకూలమైన సంగతి కూడా ఒకటుంది. ఆ వాయువు 26 డిగ్రీల వేడికే ఆవిరైపోయే రకం. మన ముద్దనూరు ఎండాకాలం వేడికన్నా అది ఎంతో తక్కువ. అందుకే ఆకును కోసి, నీళ్లలో వేసి, మూత తీసి ఉడికిస్తే విషం ఆవిరిలో పోతుంది, మిగిలింది నీళ్లలోకి దిగుతుంది. కూర మిగులుతుంది.

విషం ఉన్న మొక్కను వాడుకోవడం మనకు చేతగాని పని కాదు. ఆముదం నూనె తీస్తాం, చెక్కను చేనుకు ఎరువుగా వేస్తాం, పశువుకు మాత్రం పెట్టం. సుబాబుల్ ఆకు గొర్రెలకు మంచి మేతే. అయినా అదొక్కటే వేస్తే బొచ్చు రాలుతుందని, మేతలో మూడో వంతు దాటకూడదని జీవాలు మేపేవాళ్లకు తెలుసు. మన రాష్ట్రంలోనే సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకు కర్రపెండలం పండిస్తారు. దాని ఆకులోనూ దుంప తొక్కులోనూ ఉన్నది ఈ సైనైడే. ఆముదం, కర్రపెండలం, చాయ, జట్రోఫా, ఈ నాలుగూ ఒకే కుటుంబం మొక్కలు. తెలివి ఉన్నచోట అవి పంటలు. తెలివి లేనిచోట విషాలు.

మాయా జనం కూర

చాయ పుట్టిల్లు మెక్సికోలోని యుకటాన్ ప్రాంతం. అక్కడి మాయా జాతి జనం వందల ఏళ్లుగా ఈ ఆకు తింటున్నారు. గ్వాటెమాల, బెలీజ్ దేశాల్లోనూ పెరటి కూర ఇది. అడవిలో పెరిగే చాయకు ఒంటినిండా దురద నూగు ఉంటుంది, తగిలితే మన దూలగొండి లాగే మంట పెడుతుంది. తరతరాలుగా నూగు తక్కువ ఉన్న మొక్కలను ఏరుకొని, కొమ్మలు నాటుకొని ఆ జనం దాన్ని మచ్చిక చేసుకున్నారు. మన చేతికి వచ్చింది ఆ మచ్చిక చేసిన రకం. మాన్సా అంటే అర్థం కూడా అదే, సాధువైనదని. సాధువైంది నూగు విషయంలోనే. లోపలి విషం అలాగే ఉంది.

ఆ జనం దీన్ని పచ్చిగా తినరు. ఉడికించే తింటారు. సిలవరు పాత్రలో వండొద్దని కూడా అక్కడ చెప్తారు. వాళ్ల దగ్గర నుంచి కొమ్మ ప్రపంచమంతా తిరిగింది. వంట పద్ధతి మాత్రం చాలాచోట్ల వెనకబడిపోయింది. మన దగ్గరకు వచ్చేసరికి "సూపర్ ఫుడ్" అన్న పేరు ఒక్కటే మిగిలింది.

మరి ఇది నిజంగా అంత గొప్ప ఆకా? లెక్క చూద్దాం. 100 గ్రాముల పచ్చి చాయ ఆకులో మాంసకృత్తులు 5.7 గ్రాములు, కాల్షియం 199 మిల్లీగ్రాములు, విటమిన్ సి 165 మిల్లీగ్రాములు ఉంటాయని పరిశోధకులు అచ్చువేసిన లెక్క. పాలకూరకన్నా ఎక్కువ. కాబట్టి మంచి ఆకే. ఇప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో మన మునగాకు లెక్క చూడండి. మాంసకృత్తులు 6.7 గ్రాములు, కాల్షియం 440, విటమిన్ సి 220. అవిసె ఆకు చూడండి. మాంసకృత్తులు 8.4 గ్రాములు, కాల్షియం 1130. మన పెరటి మునగ, మన తోట అవిసె దీనికన్నా మేలైనవి. వాటిలో సైనైడ్ భయం లేదు. వాటిని ఎవరూ సూపర్ ఫుడ్ అని అమ్మలేదు కాబట్టి మనకు చులకనయ్యాయి.

అయితే చాయను పీకి పారేయమనా మా మాట? కాదు. మునగకు గొంగళి పురుగు పడితే చెట్టు దగ్గరకు పోలేం. తోటకూర, పాలకూర మార్చి దాటితే నీళ్లు లేక మాడిపోతాయి. మే నెలలో ఈ ఊళ్లలో పచ్చటి ఆకుకూర తినాలంటే ప్రొద్దుటూరు మార్కెట్ నుంచి కొనుక్కోవాల్సిందే. అలాంటి రోజుల్లో కూడా ఆకు వేసే మొక్క చాయ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పదిమందిలో ఆరుగురు. ఈ సభలో కూర్చున్న అక్కచెల్లెళ్లలో పదికి ఆరుగురని అనుకోండి. అలాంటప్పుడు పెరట్లో ఊరికే దొరికే ఆకుకూర ఏదైనా మనకు విలువైందే. కాబట్టి చాయ ఉండాలి. మునగ పక్కన ఉండాలి, అవిసె పక్కన ఉండాలి. వాటిని తోసేసి కాదు.

కరువులో విషం పెరుగుతుంది

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దయచేసి గమనించండి.

జొన్న ఎప్పుడు నాము అవుతుంది? వాన బాగా పడి ఏపుగా పెరిగి పూతకొచ్చిన జొన్నతో అంత భయం ఉండదు. నీళ్లు లేక ఎండిపోయినప్పుడు, యూరియా ఎక్కువ పడినప్పుడు, లేత పిలకలు వేసినప్పుడు విషం పెరుగుతుంది. సైనైడ్ దాచుకునే మొక్కలకు చాలావరకు ఇదే గుణం. అంటే మనకు ఆకు ఎక్కువ అవసరమయ్యే కరువు రోజుల్లోనే ఆకులో విషం ఎక్కువ ఉంటుందని మనం అనుకోవాలి. ఆ రోజుల్లోనే వంటచెరుకు, నీళ్లు, ఓపిక తక్కువగా ఉంటాయి. ఈ రెండూ కలిసినచోట ప్రమాదం ఉంది.

దీనికి ఆఫ్రికాలో జరిగింది ఒక పెద్ద పాఠం. అక్కడ చేదు కర్రపెండలమే అన్నం. దుంపను రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి విషం తీసి తినే పద్ధతి వాళ్లకు తెలుసు. 1981లో మొజాంబిక్ దేశం నంపులా రాష్ట్రంలో పెద్ద కరువు వచ్చింది. దుంపలో విషం పెరిగింది. ఆకలికి ఆగలేక జనం నానబెట్టే రోజులు తగ్గించారు. వెయ్యిమందికి పైగా మనుషులకు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి. మళ్లీ మామూలుగా నడవలేకపోయారు. కాంగో దేశంలో ఈ జబ్బును కొంజో అంటారు. కట్టేసిన కాళ్లు అని దానికి అర్థం. పప్పు, గుడ్డు, మాంసం లాంటివి దొరకని ఇళ్లలోనే ఇది ఎక్కువగా వచ్చింది. సైనైడ్‌ను ఒంట్లో నుంచి తోసేయాలంటే మాంసకృత్తుల్లో ఉండే గంధకం కావాలి. అది లేని ఒళ్లు ఓడిపోతుంది.

చాయ తింటే కొంజో వస్తుందని మేం భయపెట్టడం లేదు. అక్కడ మూడు పూటలా తిన్నది ఆ దుంపే. మనం వారానికి రెండుసార్లు కూర తింటాం. కానీ పాఠం మాత్రం మనకు వర్తిస్తుంది. వండే పద్ధతిలో అడ్డదారి తొక్కితే ముందుగా బలయ్యేది పేద ఇల్లు, ఆ ఇంట్లో ఆఖరున తినే ఆడమనిషి, పసిబిడ్డ. అందుకే చాయను ఉత్త ఆకుగా కాకుండా పప్పులో వేసుకోండి. కందిపప్పైనా సరే, మన శనగపప్పైనా సరే.

ఎలా వండాలి

అక్కలారా, ఇది మీకు చెప్పేంతటి వాళ్లం కాదు. కానీ ఈ ఆకుకు సంబంధించినంతవరకు ఈ వరుస తప్పొద్దు.

ఆకు కోసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. తొడిమ నుంచి కారే పాలు కంట్లో పడనీయొద్దు. ఆకును కడిగి, సన్నగా తరిగి, పదినిమిషాలు పక్కన పెట్టండి. తరిగినప్పుడే విషం వాయువుగా మారడం మొదలవుతుంది, దానికి కాస్త సమయం ఇవ్వాలి. తర్వాత ఆకు బాగా మునిగేలా నీళ్లు పోసి, మూత పెట్టకుండా ఇరవై నిమిషాలు కుతకుత ఉడికించండి. ఆవిరి బయటికి పోయేలా కిటికీ తీసి ఉంచండి. ఉడికిన నీళ్లు వార్చి పారబోయండి. ఆ తర్వాతే పప్పులో కలపండి, పోపు పెట్టండి, పుల్లగూర చేయండి. రాగి సంగటిలోకి బాగుంటుంది, మేం తిని చెప్తున్నాం.

మట్టికుండ, స్టీలు గిన్నె, ఇనుప బాండలి వాడండి. సిలవరు గిన్నె వద్దు. కుక్కర్లో మూత బిగించి వండొద్దు, పోవాల్సిన ఆవిరి లోపలే ఉంటుంది. పచ్చి ఆకును నేరుగా నూనెలో వేయించడం, పచ్చి ఆకుతో పచ్చడి నూరడం, జ్యూసు తీయడం, ఇవేవీ వద్దు. పచ్చి ఆకును ఎండబెట్టి దంచిన పొడి సంచుల్లో అమ్ముతున్నారు. నీళ్లలో ఉడికించిన కూరకున్న భరోసా ఆ పొడికి లేదు. థైరాయిడ్ ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తినొద్దు. పసిపిల్లలకు పెట్టొద్దు. షుగరు మాత్రలు మాని ఈ ఆకును నమ్ముకోవడమంటే చేతులారా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఎక్కడ నాటాలి, ఎక్కడ నాటకూడదు

చాయ కొమ్మతో వస్తుంది, గింజతో కాదు. జానెడు, మూరెడు ముదురు కొమ్మ కోసి, పాలు ఆరేదాకా రెండుమూడు రోజులు నీడలో పెట్టి నాటాలి. నీళ్లు నిలిచే చోట వేరు కుళ్లుతుంది. ముద్దనూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో నాటేవాళ్లు మట్టి ఎత్తుపోసి నాటండి. పులివెందుల వైపు ఎర్రనేల, గరుసు నేల అయితే ఆ ఇబ్బంది ఉండదు. నాలుగైదు నెలలు ఆకు ముట్టుకోకుండా చెట్టును నిలదొక్కుకోనివ్వండి. ఆ తర్వాత కూడా ఒక్కసారే సగానికి మించి ఆకు దూయొద్దు. ఇంటికి రెండు చెట్లు చాలు. జాలాడి నీళ్లు పారే చోట ఒకటి, దూరంగా ఒకటి.

నాటకూడని చోట్లు కూడా గుర్తుపెట్టుకోండి. చేని గట్ల మీద వద్దు. పంట కోసిన తర్వాత మన చేలల్లో మన జీవాలే కాదు, ఊరూరు తిరిగే మందలు కూడా మేస్తాయి. ఆ కాపరికి ఇది ఏం చెట్టో తెలియదు. మనం కంచె అనుకొని నాటింది అతని మందకు నాము కావొచ్చు. అదే మనిషి రాత్రి మన చేనులో మంద కట్టి ఎరువు ఇచ్చి పోతాడు. దొడ్డి పక్కన, బడి గోడ పక్కన, అంగన్‌వాడీ పక్కన కూడా వద్దు. నరికిన కొమ్మలు దారిలో పారేయొద్దు, గుంత తీసి పూడ్చండి.

ఒక మేలు చెప్పాలి. ఈ చెట్టు గింజ దాదాపు వేయదు కాబట్టి సర్కారు తుమ్మలాగా తనంత తాను వ్యాపించదు. సర్కారు తుమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ చెట్టును మన దేశంలో తొలుత నాటిన చోట్లలో ఒకటి ఎక్కడో కాదు, మన కడప జిల్లానే. 1877 ప్రాంతంలో, ధాతు కరువులో జనం ఆకులు అలములు తిని బతుకుతున్న కాలంలో, ఇంగ్లీషు వాళ్ల అడవి శాఖ అమెరికా ఖండం వైపు నుంచి విత్తనం తెప్పించింది. వంటచెరుకుకు పనికొస్తుందని తెచ్చారు. పనికొచ్చింది కూడా. ఆ బొగ్గు మీద బతికిన ఇళ్లు ఉన్నాయి. కానీ ఈరోజు మన చెరువు కట్టలు, వంకలు, బంజర్లు దాని చేతిలో ఉన్నాయి. తెచ్చినవాళ్లు పోయారు. ముళ్లు మనకు మిగిలాయి.

జట్రోఫా పాఠం మరిచిపోవద్దు

ఇంకో బంధువు కథ మన కళ్లముందే జరిగింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ నివేదిక ఇచ్చింది. జట్రోఫా గింజల నుంచి డీజిల్ తీయొచ్చని, దేశంలో కోటి హెక్టార్లకు మించి బీడు నేలల్లో నాటొచ్చని అందులో రాశారు. 2009లో వచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి ఇరవై శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. నీళ్లు వద్దు, ఎరువు వద్దు, పశువు ముట్టదు, బీడులో బంగారం అన్నారు. రాయలసీమ మెట్ట రైతుకు ఇంతకన్నా తీపి మాట ఏముంటుంది? నాటారు. నీళ్లు లేకుండా చెట్టు బతికింది నిజమే, కాయ మాత్రం కాయలేదు. కాసిన నాలుగు గింజలు కొనేవాడు లేడు. ఆ లక్ష్యం కాగితం మీదే ఉండిపోయింది. పోయింది రైతు నేల, రైతు కాలం.

చాయకు ఇప్పటికైతే అలాంటి పథకం లేదు. కానీ గాలి ఎటు వీస్తుందో మనకు తెలుసు. ఆకు పొడి చేసి ఎగుమతి చేద్దాం, ఎకరాల్లో నాటండి, తిరిగి మేమే కొంటామనే మాటలు రేపు మీ గడపకు రావొచ్చు. మా మాట ఒకటే. ధర, కొనే పరిమాణం, చెల్లించే గడువు కాగితం మీద రాసి సంతకం పెట్టనివాడికి ఒక్క సెంటు కూడా ఇవ్వొద్దు. ఇది పెరటి కూర. చేని పంట కాదు.

ప్రమాదం జరిగితే

పశువు మేసిందని అనుమానం వస్తే, రొప్పడం, నురగ, తూలడం కనిపిస్తే నాటు వైద్యంతో సమయం పోగొట్టొద్దు. వెంటనే 1962 నంబరుకు ఫోన్ చేసి, నాము విషమని స్పష్టంగా చెప్పండి. దీనికి విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అంటారు. నరానికి ఎక్కించాలి, డాక్టరే చేయాలి. నిమిషాల్లో ప్రాణం పోయే విషం కాబట్టి మందు మండల ఆసుపత్రిలోనే ఉండాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నా, అక్కడి నుంచి మందు వచ్చేదాకా పశువు ఆగదు. మనిషికి అయితే 108. తిన్న ఆకును సంచిలో వేసుకొని పోయి డాక్టరుకు చూపించండి.

మన కోరికలు

ఈ సమావేశం ముందు ఐదు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం మన మండలంలో పెరిగే చాయ ఆకును వానాకాలంలో ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి పరీక్షించి, సైనైడ్ ఎంత ఉందో తెలుగులో చెప్పాలి. ఇది కోట్ల ఖర్చు పని కాదు. పిక్రేట్ కాగితం అని ఒకటుంది. పసుపు రంగు కాగితం సైనైడ్ తగిలితే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ బ్రాడ్‌బరీ అనే శాస్త్రవేత్త కర్రపెండలం తినే పేద దేశాల కోసమే ఆ పరీక్షను సులువు చేసి పంచాడు. ఆఫ్రికా పల్లెల్లో చేయగలిగింది కడప జిల్లాలో ఎందుకు చేయలేరు?

రెండు. ఖరీఫ్ మొదలయ్యే లోపల ప్రతి పశువైద్యశాలలో నాము విరుగుడు మందు ఉండాలి. ఇది చాయ కోసమే కాదు, జొన్న వేసే ప్రతి రైతు కోసం.

మూడు. చాయ మొక్క అమ్మే ప్రతి నర్సరీ "పచ్చిగా తినరాదు, పశువులకు వేయరాదు" అని తెలుగులో చీటీ కట్టాలి.

నాలుగు. అంగన్‌వాడీల్లో, బడి భోజనంలో ఈ ఆకు పెట్టాలని ఎవరైనా ముందుకొస్తే, ముందు పరీక్ష జరగాలి, వంట చేసే అక్కలకు నేర్పించాలి. అదయ్యాకే పిల్లల కంచంలోకి రావాలి. ఈలోపల మునగ, అవిసె మొక్కలు ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాం.

ఐదో తీర్మానం ప్రభుత్వానికి కాదు, మనకు. రెండేళ్ల కింద మేం కొమ్మలు పంచిన ప్రతి ఇంటికీ ఈ నెలలోనే మళ్లీ పోతాం. చెట్టు గట్టు మీద ఉంటే పెరట్లోకి మార్చడానికి సాయం చేస్తాం. వండే పద్ధతి ఆ ఇంటి పొయ్యి దగ్గర నిలబడి ఒకసారి చేసి చూపిస్తాం. మేక పోయిన సభ్యుడికి సంఘం నిధి నుంచి మేకపిల్ల ఇస్తాం. అది దానం కాదు, మేం పడ్డ బాకీ.

మిత్రులారా, మన పెద్దలు మనకు ఆస్తులు పెద్దగా ఇవ్వలేదు. ఏ జొన్న మేత, ఏ జొన్న నాము అన్న ఎరుక ఇచ్చారు. ఆ ఎరుకకు వాళ్లు చెల్లించిన ధర మనకు తెలియదు. కొత్త మొక్క వచ్చినప్పుడు ఆ ధర మళ్లీ మొదటి నుంచి చెల్లించాల్సిన పనిలేదు. మాయా జనానికి వందల ఏళ్లుగా తెలుసు, మన పశువైద్యులకు తెలుసు, ఇప్పుడు మనకూ తెలుసు. ఇకమీదట ఎవరికైనా చాయ కొమ్మ ఇస్తే, చేతిలో కొమ్మ పెట్టకముందే నోటితో ఈ మాట చెప్పండి: ఉడికితే కూర, పచ్చిదైతే నాము.